నెల ముందు, రోజు తర్వాత

మీరు ఇవాళ కంప్యూటర్ ఆన్ చేస్తే అది మిమ్మల్ని తేదీ అడగదు. మీ పెళ్ళిరోజు కూడా మీకంటే ముందు దానికే గుర్తొస్తుంది. మా కాలంలో అలా కాదు. కరెంటు పోయి వచ్చిందంటే చాలు, మా మిషన్ అన్నీ మర్చిపోయి లేచేది. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలతో మొదట వేసే ప్రశ్న ఒకటే: ఇవాళ తేదీ ఎంత? మనం ఏం చెబితే అదే దానికి వేదం. గుంటూరులో ఎండాకాలం కరెంటు ఎన్నిసార్లు పోతుందో నేను చెప్పక్కర్లేదు. అన్నిసార్లూ మేం ఓపిగ్గా తేదీ చెప్పేవాళ్ళం.

తేదీల ఫార్మాట్ గురించి జాగ్రత్తలు చెప్పబోతే ఇప్పటి పిల్లలు, "అదొక్క లైనే కదండీ అంకుల్" అంటారు. నిజమే, ప్రోగ్రాంలో ఒక్క లైనే. ఆ ఒక్క లైను తల్చుకుంటే ఈ వయసులో కూడా నా అరచేతులకు చెమట పడుతుంది. ఎందుకో చెబుతాను, వినండి.

ఎనభైల మధ్యలో నేను గుంటూరులో ఒక మిరపకాయల ఎగుమతి వ్యాపారి దగ్గర ప్రోగ్రామర్‌గా చేరాను. ప్రోగ్రామర్ అనే మాట ఆర్డరు కాగితంలో ఉంది కానీ, షావుకారు లెక్కలో కరెంటుతో నడిచేది ఏదైనా నా బాధ్యతే. ఫ్యాను తిరక్కపోయినా నన్నే పిలిచేవాడు. ఆఫీసు మొత్తానికి ఏసీ గది ఒక్కటే, అది మిషన్‌ది. భోజనమయ్యాక షావుకారు "మిషన్ ఎట్లా ఉందో చూద్దాం" అంటూ ఆ గదిలోకొచ్చి, కుర్చీలో వెనక్కి వాలి చక్కగా కునుకు తీసేవాడు.

మా గోడౌన్ ఊరి బయట, ప్రత్తిపాడు వెళ్ళే రోడ్డులో ఉండేది. వరసగా గదులు, ప్రతి గదిలో కప్పు దాకా మిరపకాయల టిక్కీలు. టిక్కీ అంటే తొక్కి కుట్టిన గోనెసంచి. ఎగుమతి సరుకుకు పురుగు పట్టకూడదని గదికి గ్యాసు పెట్టేవాళ్ళు. దానికి వేరే కాంట్రాక్టు మనుషులుండేవాళ్ళు. వాళ్ళు టిక్కీల మధ్య బూడిదరంగు మాత్రలు పెట్టి బయటికొచ్చి, తలుపు సందులన్నిటికీ మైదా జిగురుతో కాగితాలు అంటించి పోయేవాళ్ళు. గాలిలో తేమ తగిలి ఆ మాత్రలు మెల్లగా గ్యాసు వదులుతాయి. ఆ గ్యాసుకు పురుగనీ మనిషనీ తేడా లేదు. వారం పాటు ఆ గది జోలికి ఎవరూ పోకూడదు. గ్యాసు ఉంటే వెల్లుల్లి వాసన వస్తుందని చెప్పేవాళ్ళు. పొద్దస్తమానం మిరపఘాటులో బతికే ముక్కులకు వెల్లుల్లి ఏం తెలుస్తుంది?

నేను చేరకముందు ఏ గది ఎప్పుడు మూశారో, ఎప్పుడు తెరవాలో తలుపు మీదే సుద్దముక్కతో రాసేవాళ్ళు. మిషన్ వచ్చాక షావుకారుకు ఆ రాతలు నామోషీ అనిపించాయి. విదేశీ పార్టీ చూడ్డానికి వస్తుందని తలుపులన్నిటికీ రంగు వేయించి, "ఇంక దీనిమీద గీతలు గీయొద్దు, కంప్యూటర్ చెప్పిందే ఫైనల్" అన్నాడు. నాకు ఛాతీ ఉప్పొంగింది. అప్పటినుంచి రోజూ పొద్దున్నే మిషన్ ఆ రోజు తెరవాల్సిన గదుల నంబర్లు అచ్చువేసి ఇచ్చేది, లారీ డ్రైవరు ఆ కాగితం పట్టుకెళ్ళి గోడౌన్‌లో ఇచ్చేవాడు. తలుపులన్నిటి మీదా పుర్రె బొమ్మ మాత్రం మిగిలింది. ఎప్పుడూ ఉండేదే కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

మిషన్ ముందు కూర్చుని పనిచేసేది ఒక అమ్మాయి. చర్చి వాళ్ళ బడిలో చదువుకుని, టైపు పాసై మా దగ్గరికొచ్చింది. మాట తక్కువ, పని శుభ్రం. వాళ్ళ నాన్న మా గోడౌన్‌లో ముఠా మేస్త్రి, అంటే టిక్కీలు ఎత్తే కూలీలందరికీ పెద్ద. ఆయన కేకేస్తే రోడ్డు మీద పోయే బస్సు ఆగేది. అంతటి మనిషీ ఆఫీసుకొస్తే అద్దం తలుపు బయటే నిలబడి, లోపల కూతురు వేళ్ళు ఆడించడం కాసేపు చూసి వెళ్ళిపోయేవాడు.

"లోపలికి రా మేస్త్రీ" అంటే, "వద్దులెండి సార్, నా ఒంటి ఘాటుకి మీ మిషనుకి తుమ్ములొస్తయ్" అనేవాడు.

ఆయనకో పద్ధతి ఉండేది. గ్యాసు పెట్టిన గది తెరిచే రోజున ముఠా కంటే ముందు తనొక్కడే వెళ్ళేవాడు. కాగితాలు చింపి, తలుపు తీసి, గది చివరిదాకా నడిచి వెనక తలుపు గడియ తీసేవాడు. గాలి బాగా ఆడాకే తన మనుషుల్ని పిలిచేవాడు. ముందుగా లోపలికి అడుగు పెట్టేది ఆయనే, ఇంకెవర్నీ పెట్టనిచ్చేవాడు కాదు. సరుకు మీద చెప్పుకాళ్ళు పడకూడదని గోడౌన్‌లో రూలుంది కాబట్టి చెప్పులు గడప బయట విడిచి వెళ్ళేవాడు.

ఇక తేదీ సంగతి. మిషన్‌ది అమెరికా పద్ధతి: నెల ముందు, రోజు తర్వాత. ఏప్రిల్ అయిదును మనం అయిదు-నాలుగు అంటాం, దానికి నాలుగు-అయిదు అని చెప్పాలి. అమ్మాయి మొదటి రోజే నేర్చుకుంది, ఒక్కసారి కూడా తప్పలేదు. ఆమె రాని రోజున మిషన్ ఆన్ చేసేది మా పెద్ద గుమాస్తా గారు. చెవిలో పెన్సిలు, నుదుట విభూతి, నోట్లో వక్కపొడి. షావుకారు తండ్రి కాలం నుంచీ ఉన్న మనిషి. "నెల ముందేమిటండీ, వడ్డించాక విస్తరాకు వేసినట్టు!" అని విసుక్కున్నాడు కానీ, కొత్త విద్య వదులుకోవడం ఇష్టంలేక తనూ నేర్చుకున్నాడు, తనదైన తీరులో.

ఆయన వేళ్ళు అలవాటుగా రోజునే ముందు కొట్టేవి. ఇరవై అయిదు-మూడు అని కొడితే మిషన్ ఒప్పుకోదు, ఇరవై అయిదో నెల ఎక్కడుంది గనక? తేదీ తప్పు అని చూపించి మళ్ళీ అడుగుతుంది. అప్పుడాయన నవ్వుకుంటూ తిప్పి కొట్టేవాడు. నేను గుర్తుచేయబోతే, "మీకెందుకండీ బెంగ, తప్పయితే అదే తిడుతుందిగా" అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. అమ్మాయి సెలవు పెట్టిన రోజులు అప్పటిదాకా నెల రెండో సగంలోనే పడ్డాయి. పన్నెండో తేదీ లోపలయితే రెండు అంకెల్లో ఏదైనా నెల కావచ్చు, అప్పుడు మిషన్ తిట్టదు, ఎటు కొట్టినా నోరుమూసుకుని తీసుకుంటుంది. ఆ మాట ఆయనతో చెప్పానా అంటే, చెప్పాననే ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఆ ఏడు గుడ్ ఫ్రైడే ఏప్రిల్ అయిదున వచ్చింది. అమ్మాయి సెలవు పెట్టింది. ముఠాలో అందరూ చర్చికి పోయేవాళ్ళే. అవతల మద్రాసు హార్బరులో ఓడ సిద్ధంగా ఉంది, సాయంత్రానికి లోడు కదలాలని షావుకారు ఒత్తిడి. ముందురోజు మేస్త్రి ఆఫీసుకొచ్చి గట్టిగానే మాట్లాడాడు.

"ప్రార్థన ఇడిచిపెట్టి మా వోళ్ళు రారండీ. అది అయినాక వచ్చి ఎత్తుతాం. చీకటి పడకముందే లారీ పంపిస్తాం, నాది పూచీ."

షావుకారు గొణుక్కుని ఒప్పుకున్నాడు. మేస్త్రి, ముఠా అంతకుముందు వారమంతా మార్కెట్ యార్డులో పనిమీద ఉన్నారు. ఈ మధ్య గోడౌన్‌లో ఏ గదికి గ్యాసు పెట్టారో వాళ్ళు చూడలేదు.

ఆ శుక్రవారం నేను ఆఫీసుకు వెళ్ళేసరికి బాగా పొద్దెక్కింది. గుమాస్తా గారు ఏసీ గదిలో పెళ్ళికొడుకులా కూర్చుని ఉన్నాడు. "ఇందాక కరెంటు పోయి వచ్చింది. నేనే అన్నీ చేశాను. చూశారా, ఇవాళ ఒక్కసారి కూడా తిట్టలేదు!" అన్నాడు.

శభాష్ అంటూ బల్ల మీదున్న కార్బన్ కాపీ అందుకున్నాను. గోడౌన్‌లో గ్యాసు పెట్టిన గదులన్నీ తెరవమని ఉంది. మూడో నంబరు గది కూడా. రెండు రోజుల క్రితం ఏదో పనిమీద గోడౌన్‌కు వెళ్ళినప్పుడు ఆ మూడో గది తలుపుకు కాగితాలు అంటించడం నేనే చూశాను. మైదా జిగురు డబ్బా మీద ఈగలు ముసురుతున్నాయి, ఘాటుకు నేను తుమ్ముతుంటే గ్యాసువాళ్ళు నవ్వారు కూడా.

మీకు చెబితే నమ్మరు, అప్పుడు కూడా ముందు నన్నే అనుమానించుకున్నాను. చూసింది వేరే గదేమో అనుకున్నాను. మిషన్ తప్పు చెప్పదని ఊరందరికీ చెప్పీ చెప్పీ నాకే ఆ నమ్మకం ముదిరిపోయింది. కాసేపు ఆ కాగితాన్నే చూస్తూ నిలబడ్డాను.

"తేదీ ఏం కొట్టారండీ?" అని అడిగాను.

"అయిదు, నాలుగు. ఇవాళ్టిదే కదా. పైన చూడండి, అలాగే వచ్చింది."

వచ్చింది. ఆయన కొట్టిందే వచ్చింది, ఆయన కళ్ళకు సరిగ్గానే కనిపించింది. మిషన్ మాత్రం దాన్ని మే నెల నాలుగో తేదీ అనుకుంది. నెల రోజులు గడిచిపోయాయి, గ్యాసు ఎప్పుడో పోయింది, గదులన్నీ తెరుచుకోవచ్చు అని తీర్మానించింది. కాగితం గోడౌన్‌కు వెళ్ళిపోయిందని గుమాస్తా గారు చెప్పాడు. ఫోను అందుకుని గోడౌన్ నంబరు తిప్పాను. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.

"మీరు చేస్తూనే ఉండండి. ఎవరు ఎత్తినా మూడో గది తెరవద్దని చెప్పండి" అని స్కూటర్ దగ్గరికి పరిగెత్తాను. విషయం అర్థమయ్యి ఆయన ముఖం పాలిపోవడం తలుపు దాటుతూ చూశాను.

ఆ దారి నాకు కొట్టిన పిండి. ఆ రోజు మాత్రం ఎంత పోయినా తరగలేదు. రోడ్డుకు రెండు వైపులా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఎప్పుడూ మనుషులతో సందడిగా ఉండే కల్లాలు పండగ పూట కాబట్టి బోసిపోయి ఉన్నాయి. నేను మాత్రం నా లెక్కలో ఉన్నాను. ముఠా ప్రార్థన అయ్యాక కదా వచ్చేది, ఇంకా టైముంది అని ధైర్యం చెప్పుకుంటున్నాను. అంతలో మేస్త్రి పద్ధతి గుర్తొచ్చింది. తనవాళ్ళు వచ్చేసరికి గాలి ఆడి ఉండాలంటే ఆయన ముందే రావాలి. మాట ఇచ్చిన మనిషి, తప్పకుండా ముందే వస్తాడు.

గోడౌన్ గేటు తీసే ఉంది. లారీ ఒకటి నీడకు ఆపి ఉంది, మనిషి అలికిడి లేదు. తాళం వేసిన ఆఫీసు గదిలో ఫోను మోగుతూనే ఉంది. చేస్తున్నది మా గుమాస్తా గారేనని నాకు తెలుసు. ఆగడం, మళ్ళీ మోగడం. ఆ ఖాళీ ఆవరణలో ఆ మోత ఒక్కటే.

మూడో గది తలుపు మీద కాగితాలు చింపేసి ఉన్నాయి. తలుపు ఓరగా తెరిచి ఉంది. గడప బయట పక్కపక్కనే బుద్ధిగా విడిచిన టైరు చెప్పుల జత.

"మేస్త్రీ!" అని అరిచాను. పలకలేదు. మళ్ళీ అరిచాను. బస్సులు ఆపే ఆ గొంతు నుంచి ఉలుకూ పలుకూ లేదు. లోపల చీకటి, టిక్కీల మధ్య సన్నటి దారి. చెయ్యి తలుపు మీద వేసి అక్కడే ఆగిపోయాను. అడుగు వేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. వెయ్యకపోతే ఆయన ఏమవుతాడో కూడా తెలుసు. పిరికితనమో తెలివో ఇప్పటికీ చెప్పలేను, నా కాళ్ళు లోపలికి పోలేదు. భవనం చుట్టూ తిరిగి వెనక్కి పరిగెత్తాయి.

వెనక తలుపు గడియ తీసి ఉంది. ఆయన అక్కడిదాకా రాగలిగాడు. తలుపు నెట్టి, గడప మీద అడ్డంగా పడిపోయాడు. తల, భుజాలు బయట, మిగతా ఒళ్ళంతా లోపల. చర్చికి వెళ్ళడానికి కట్టుకున్న తెల్లబట్టల మీదే ఉన్నాడు. నోటినుంచి నురగ. ఊపిరి పీల్చుకుని బిగబట్టి, చంకల కింద చేతులు వేసి లాగాను. కదల్లేదు. జీవితమంతా టిక్కీలు మోసిన ఒళ్ళు అది. నా అరుపులకు లారీలో పడుకున్న డ్రైవరు లేచొచ్చాడు.

"ఏందిసార్, ఏమైంది? ఇందాకే గదా కాగితం ఇచ్చి పడుకుంది!"

"పట్టుకో ముందు! గ్యాసు!"

ఇద్దరం కలిసి ఎండలోకి ఈడ్చుకొచ్చాం. గొంతులోంచి గరగరమని శబ్దం వచ్చింది. మామూలుగా అయితే ఆ శబ్దానికి భయపడాలి. నాకు మాత్రం అది విని ఏడుపొచ్చింది, బతికున్నాడు. లారీలో పడుకోబెట్టి గుంటూరు పెద్దాసుపత్రికి బయల్దేరాం. దారి పొడుగునా ఆయన తల నా ఒళ్ళో ఉంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఖాళీ వచ్చినప్పుడల్లా అయిపోయిందనుకున్నాను.

వాళ్ళ చర్చి మా దారిలోనే. లోపల పట్టక జనం రోడ్డు మీదికొచ్చి నిలబడ్డారు, అంతా తెల్లబట్టలే. డ్రైవరు హారన్ కొడుతూ మెల్లగా పోనిస్తున్నాడు. ఆ జనంలో అమ్మాయి నన్ను చూసింది. లారీ వెనక నేనెందుకున్నానో అర్థంకాక దగ్గరికొచ్చి, పైకెక్కి చూసింది. అరుస్తుంది అనుకున్నాను. అరవలేదు. తండ్రి పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుంది, వాటికి చెప్పులు లేవు. కాసేపటికి తలెత్తి నన్ను ఒక్కటే అడిగింది.

"ఇయ్యాల మిషన్ ఎవరు ఆన్ చేశారు సార్?"

నా జవాబు ఆమెకు అక్కర్లేదు. అయిదో తేదీ, నాలుగో నెల, గుమాస్తా గారు. క్షణంలో ఆమె లెక్క కట్టేసింది. అది ఆమె ముఖంలో కనిపించింది.

ఆ గ్యాసుకు విరుగుడు లేదని డాక్టరు చెప్పేశాడు. సెలైన్ పెట్టి, ఆక్సిజన్ పెట్టి, గుండె తట్టుకుంటుందా లేదా అని చూడటమే. మేమందరం వరండాలో అదే చూస్తూ కూర్చున్నాం. ముఠా అంతా వచ్చారు. గుమాస్తా గారు నడిచొచ్చి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. చెవిలో పెన్సిలు లేదు. చాలాసేపటికి నా వైపు తిరిగి, "తప్పయితే తిట్టాలి కదండీ అది? ఎందుకు తిట్టలేదు?" అన్నాడు. ఆయన నిజంగానే అడుగుతున్నాడు. ఇక ఆ మనిషిని ఎవరూ కోప్పడలేదు. షావుకారు వచ్చి, ఖర్చు ఎంతైనా తనదేనని చెప్పి, తర్వాత నన్ను పక్కకు పిలిచి "ఈ మాట బయటికి పోనీయకు" అన్నాడు. ఆ ఊళ్ళో అప్పటికే బయటికి పోవడానికి మిగిలిందేమీ లేదు.

ఈస్టరు నాటికి మేస్త్రి ఆస్పత్రిలోనే ఉన్నాడు, కానీ గంజి తాగాడు. ఇంటికొచ్చాక టిక్కీ ఎత్తలేకపోయాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. షావుకారు ఆయన్ని గోడౌన్ ఆఫీసు గదిలో ఫోను దగ్గర కూర్చోబెట్టాడు. ఆ గొంతు సగానికి పడిపోయింది, ఇక బస్సులు ఆగలేదు.

తలుపుల మీదికి సుద్దరాతలు తిరిగొచ్చాయి, వద్దనడానికి షావుకారు సాహసించలేదు. నేను ప్రోగ్రాం తిరగరాశాను. తేదీ ఇచ్చాక మిషన్ దాన్ని నెల పేరుతో, వారం పేరుతో అక్షరాల్లో చూపించి ఇదేనా అని అడిగేలా చేశాను. కిందటిసారి ఇచ్చిన తేదీకీ ఇవాళ ఇచ్చినదానికీ మధ్య మరీ ఎక్కువ రోజులుంటే పని ఆపేసేలా చేశాను. ఎన్ని పరీక్షలు పెట్టినా తప్పు పోనివ్వలేదు. ఆ పని నేను బాగా చేశానని ఈ రోజుకీ చెప్పగలను. అది చాలదని నాకు చెప్పింది ఆ అమ్మాయి.

చాలదని నోటితో ఎన్నడూ అనలేదు. మళ్ళీ పనిలోకొచ్చిన మొదటి రోజు కరెంటు పోయి వచ్చింది. మిషన్ లేచి తేదీ అడిగింది. ఆమె మీటల జోలికి పోకుండా ఫోను తీసి గోడౌన్‌కు చేసింది.

"నాన్నా, ఇయ్యాల తేదీ ఎంత?"

ఆమెకు తేదీ తెలియక కాదు. ఎదురుగా గోడ మీద ఇంత పెద్ద క్యాలెండరు ఉంది. నేను అక్కడున్నంత కాలం, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అదే ప్రశ్న అడిగింది. అవతల ఆయన దగ్గు ఆపుకుని రోజు, నెల, వారం పేరుపేరునా చెప్పేవాడు. ఆ గొంతు వినిపించేదాకా ఆమె వేళ్ళు మీటల మీద పడేవి కావు.